యింతావ్ నడుము, అత్తగారి కోళ్లు

ఆ పొద్దున యింతావ్ తొట్టి మీదకి వంగింది, మళ్లీ లేవలేదు.

పడిపోలేదు, కేకా వెయ్యలేదు. వంగింది వంగినట్టే ఉండిపోయింది. చేతిలో తామరదుంప, మోచేతుల దాకా బురద, మొహం నీళ్లకేసి. మా నూడుల్స్ కొట్టుకీ వాళ్ల వాకిలికీ మధ్య గోడ లేదు, ఒక మురుక్కాలవే అడ్డం. నేను గిన్నెల్లో మిరపనూనె పోస్తా చూశా. దుంప సందుల్లో బురద ఊడట్లేదేమో, తిప్పలు పడతందనుకున్నా. ఇద్దరు గిరాకీలకి పోసిచ్చి మళ్లీ చూస్తే అదే వంగుడు.

"ఏంటే యింతావ్, అందులో ఏం పారేసుకున్నావ్?"

"నవ్వించమాక అక్కా. ఊపిరి పీలిస్తేనే నడుంలో కరెంటు కొడతంది. వచ్చి నన్ను నిలబెట్టు."

పొయ్యి తగ్గించి కాలవ దాటా. చంకల కింద చేతులేసి లేపబోతే గొంతులోనే మూలిగింది, వదిలేశా. వాళ్లాయన షుయ్‌షెంగ్ చెరువులో ఉన్నాడు, ఛాతీ దాకా నీళ్లల్లో నిలబడి పంపుతో బురద కొట్టి దుంపలు తీస్తా. అతను వచ్చేదాకా ఆగేట్టు లేదు. మా కొట్టు ముందు నూడుల్స్ తింటున్న వాళ్లు గిన్నెలు పట్టుకునే వచ్చారు. తింటానే సలహాలు. చివరికి తలుపు ఒకటి ఊడదీసి, దాని మీద పక్కకి ఒరగదోసి, ముడుచుకున్న రొయ్యని మోసినట్టు లోపలికి మోసుకుపోయాం.

అత్తగారు ఫాన్ ముసలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. డెబ్బై దాటిన మనిషి, తనూ వంగే ఉంటది, కానీ గొంతు నిటారే.

"చూశారా, అందరూ చూశారా," అంది మా వంక తిరిగి. "ఎన్నాళ్లనించి చెప్తున్నా. బాలింత నెలలో పట్టిన జబ్బు. మళ్లీ బాలింత నెలలోనే పోద్ది. ఇంకో మందు లేదు. ఇంక ఆలోచించేదేముంది."

గిన్నెలు పట్టుకున్న వాళ్లందరూ తలలూపారు. మా వీధిలో ఆ మాట మీద రెండో మాట ఎవరికీ లేదు. నాకూ లేదు అప్పటికి.

ఆ మాటకి అర్థం ఏంటంటే, నలభై ఒకటి దాటిన యింతావ్ ఇంకో బిడ్డని కనాలి. నడుము బాగయ్యేదానికి.

నవ్వులాటగా ఉంది కదా వినడానికి. అదే ఇంట్లో ఉండి వినాలి. ఇంటికి ఒక్క బిడ్డే అన్న సర్కారు, రెండో బిడ్డకి సరే అన్న ఏడు మొదలైంది ఇది. ఆ కబురు టీవీలో వచ్చిన వారానికల్లా ఫాన్ ముసలమ్మ సంతకెళ్లి బుట్టెడు కోడిపిల్లల్ని తెచ్చింది. "ఏంటత్తయ్యా ఇన్ని" అని నేనడిగితే, "బాలింతకి ముసలికోడి చారే బలం. ఇప్పట్నించి పెంచితే అప్పటికి ముదురుతయ్" అంది. పిల్లలు పెట్టలయినయ్, పెట్టలు గుడ్లు పెట్టినయ్, యింతావ్ కడుపు మాత్రం పండలేదు. పొద్దున లేచి తలుపు తీస్తే ఆ కోళ్లు వాకిట్లో వరసగా నిలబడి దాని మొహంలోకి చూసేవి. "ఎప్పుడమ్మా అని అడుగుతున్నయ్ అక్కా" అనేది నాతో. గుట్టుగా బెల్లపు గడ్డలు కూడా జాడీలో పెట్టింది ముసలమ్మ. పొట్టకి చుట్టే గుడ్డ చీల్చి, ఉతికి, మడతేసి పెట్టింది.

యింతావ్‌కి ఇష్టం లేదు. కూతురు హాస్టల్లో ఉండి పెద్ద పరీక్షకి చదువుతంది. తనకి నెలసరి కూడా గతి తప్పింది. మంచం మీంచి లేవాలంటే ముందు పక్కకి దొర్లి, మోకాళ్ల మీద కూచుని, కిటికీ చువ్వ పట్టుకోవాలి. ఆ నడుముతో తొమ్మిది నెలలు ఎట్లా మోసుద్ది. మొగుడికి చెప్తే, "అమ్మ నీ మంచికే కదా అంటంది" అని దుంపలు చూసుకునేవాడు. షుయ్‌షెంగ్ చెడ్డోడు కాదు. నీళ్లల్లో పుట్టాడు, చెరువు లాంటోడు, ఏది వేసినా లోపలికి పోద్ది, శబ్దం రాదు.

మరి ఈ బాలింత నెల గొడవేంటో చెప్పాలి. పిల్ల పుట్టింది వరదల ఏడు. కట్ట తెగుద్దేమోనని ఊరంతా కట్ట మీదకెక్కి నీలం పట్టాల కింద కాపురం పెట్టిన వేసవి. యింతావ్ పచ్చి బాలింత. నెల నిండేదాకా మంచం దిగకూడదు, గాలి సోకకూడదు, చన్నీళ్లు ముట్టకూడదు, తల తడపకూడదు. ఫాన్ ముసలమ్మ కోడలికి మాటిచ్చింది, నీ పక్కనించి కదలనని. కానీ కింద ఇంట్లో పంది ఉండిపోయింది, ఈనేదానికి సిద్ధంగా. పడవేసుకుని దానికోసం వెళ్లింది. ఆ వానకి తిరిగి రాలేకపోయింది. పట్టా కింద నీళ్లు చేరి, యింతావ్ బిడ్డని ఛాతీ మీద పెట్టుకుని నీళ్లల్లోనే పడుకుంది. పిల్ల గుడ్డలు వరద నీళ్లల్లోనే పిండుకుంది. ముసలమ్మ వచ్చి చూసేసరికి పెదాలు నీలం. పంది కూడా దక్కలేదు.

ఆ రోజు నించి కోడలి ముందు ముసలమ్మ గొంతు ఒక్క విషయంలోనే తగ్గుద్ది. నీళ్లు. ఇంట్లో యింతావ్‌ని చన్నీళ్లు ముట్టనివ్వదు. దుంపలు కడిగే తొట్టిలో కూడా కెటిల్ మీద కెటిల్ కాచి తనే పోసుద్ది. "వేడిగా ఉన్నయ్యా, ఇంకొంచెం పొయ్యనా" అని అడుగుతానే ఉంటది. మేమందరం అబ్బ ఎంత మంచి అత్త అనుకునేవాళ్లం.

సరే, ఆ తలుపు మీద మోసిన రోజు తర్వాత యింతావ్ మంచంలోనే ఉంది. నేను నూడుల్స్ పట్టుకుని వెళ్లేదాన్ని. ఒకరోజు నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మీ మరిది నడుముకి ఏదో సూది పొడిపించుకున్నాడు కదా, ఎక్కడ?"

"జిల్లా టౌన్లో, పాతవైద్యం ఆసుపత్రిలో. సూదికత్తి అంటారు. పేరు వింటేనే వాడు గుమ్మంలోంచి పారిపోయి వచ్చాడు, మళ్లీ ఈడ్చుకుపోయాం."

"నన్నూ ఈడ్చుకుపో. మా అత్తకి తెలియకుండా."

"తెలిస్తే నా గిన్నెలు కాలవలో ఉంటయ్."

"నా ఊపిరి కూడా అక్కడే ఉంటది ఇట్లాగే ఉంటే. వచ్చే నెల మంత్రసాని దగ్గరికి తీసుకుపోతానంటంది, కడుపు నిలవడానికి కషాయాలకి. నడుము బాగైతే ఇంక ఏ వంక పెట్టి అడుగుద్ది?"

అదీ సంగతి. నడుము బాగవ్వాలి, ఆ కషాయాలకంటే ముందు. లేకపోతే బిడ్డ తప్పదు.

కాస్త లేవగలిగిన రోజు చూసి, మిరపకాయల బేరానికి తోడు కావాలని ముసలమ్మకి చెప్పి, నా మూడుచక్రాల బండి వెనకాల పరుపేసి పడుకోబెట్టి తీసుకుపోయా. దారిలో గుంట వచ్చినప్పుడల్లా నన్నూ, నా బండినీ, రోడ్డేసిన వాణ్నీ తిట్టింది. మాట పడిపోలేదు, సంతోషం అనుకున్నా.

పెంగ్ డాక్టరు చిన్న వయసోడే, చేతులు మాత్రం దుంపలు తీసేవాడి చేతుల్లా ఉన్నయ్. ఫొటోలు తీయించాడు. తర్వాత బోర్లా పడుకోబెట్టి వెన్ను పక్కన బొటనవేలితో నొక్కుకుంటా పోయాడు. ఒకచోట నొక్కేసరికి యింతావ్ కాలు దానంతటదే ఎగిరి డాక్టరు గడ్డానికి తగిలింది.

"దొరికింది," అన్నాడు గడ్డం రుద్దుకుంటా.

పక్క మంచాల మీద బోర్లా పడుకున్న వాళ్లు నవ్వారు. ఒకాయన, "నేనైతే ఆయన కడుపులోనే తన్నా, నన్నేమీ అనలేదు" అన్నాడు.

డాక్టరు నాకూ అర్థమయ్యేట్టు చెప్పాడు. వెన్నుపూస పక్కనించి దారంపోగంత నరం ఒకటి ఎముక మీదుగా నడుము కండలోకి దిగుద్దంట. ఏళ్ల తరబడి వంగి వంగి ఆ దారిలో కండ గట్టిపడి పీచుకట్టింది. చొక్కా అంచు తలుపులో ఇరుక్కుంటే, మనిషి కదిలినప్పుడల్లా లాగుద్ది కదా, అట్లాగ. "నరాన్ని కొయ్యం. తలుపు కొంచెం తెరుస్తాం అంతే. అందరికీ ఒక్కసారికే పోదు. కొందరికి అసలు పోదు కూడా, ముందే చెప్తున్నా."

"ఎప్పట్నించి నొప్పి?" అని అడిగాడు.

నేనే చెప్పబోయా, వరదల ఏడు బాలింత నెల నించి అని. యింతావ్ దిండులోకి మొహం పెట్టుకునే అంది, "పిల్ల బడిలో చేరిన ఏడు నించి. చెరువు తీసుకున్న చలికాలం. పొద్దుగూకులూ తొట్టి మీద వంగేదాన్ని."

నేను దాని చెప్పులు మంచం కిందకి జరిపా.

మత్తు సూది ఒకటి వేశాడు. తర్వాత ఆ సూదికత్తి. తీరా చూస్తే దుప్పటి కుట్టే సూదంత ఉంది, కొన మాత్రం సన్నటి ఉలిలా బల్లపరుపుగా. తెర మీద చూసుకుంటా లోపలికి దించాడు. యింతావ్ మంచం అంచు పట్టుకుంది. కదిలితే కుదరదు. అరవాలన్నా నడుము కదులుద్ది. అట్లా బిగుసుకుపోయి, కంటి కొస నించి నీళ్లు దిండులోకి కారతా ఉంటే, లోపల కరకరమని చప్పుడు. నిజంగానే విన్నా నేను, దుంప పీచు తెంపినట్టు.

"తొడ దాకా బరువెక్కింది," అంది.

"మంచిదే. అదే నరం," అన్నాడు, సూది తీసేసి చిన్న పట్టీ అతికించాడు. "కొన్నాళ్లు తడపొద్దు, బరువులెత్తొద్దు, వంగొద్దు. కానీ మంచంలోనే ఉండిపోవద్దు. నడవాలి, నేను చూపించే కసరత్తు చెయ్యాలి. వారం ఆగి మళ్లీ రా. ఇంకో మాట, ఆ తొట్టి ఎంత ఎత్తుంటది?"

"నేల మీద ఉంటది. నీళ్లు మాత్రం వేడివే, అత్తయ్య కాచి పోసుద్ది."

"ఇటుకల మీద పెట్టు. నీళ్లు వేడా చల్లనా కాదు, నీ వంగుడే నిన్ను పట్టుకుంది."

ఇన్నేళ్లూ ఇల్లంతా, వీధంతా నీళ్లల్లో వేలు పెట్టి చూసింది. తొట్టి ఎంత కిందుందో ఒక్కళ్లం చూళ్లేదు.

తిరుగుదారిలో బండి చెట్టు నీడన ఆపి అడిగా. "మరి ఆ నెల నించి అని ఎందుకన్నావే?"

పరుపు పీచు లాగుతా అంది, "ఆ చలికాలం ఒక సాయంత్రం నడుము పట్టుకుని గోడకానుకున్నా. అత్తయ్య చూసి, ఆ నెలదేనా అంది, గొంతు వణుకుతా. నేను ఆఁ అన్నా. నీరసంగా ఉండి అన్నా అక్కా. మర్నాటి నించి బట్టలు తనే ఉతికింది. గిన్నెలు తనే కడిగింది. హాయిగా అనిపించింది. తర్వాత కాదని చెప్తే ఇన్నాళ్లూ ఎందుకు చేయించుకున్నావే అంటది కదా. అట్లా అట్లా ఇక్కడి దాకా వచ్చింది."

"ఇప్పుడు ఆ ఆఁ అన్నదానికి బిడ్డని కనాలి నువ్వు."

"నవ్వమాక. నవ్వితే నొప్పి."

నవ్వలేదు నేను. మిరపకాయలు కొనడం మర్చిపోయామని అప్పుడు గుర్తొచ్చింది.

ఖాళీ బస్తా చూడగానే ముసలమ్మకి అనుమానం. యింతావ్ మంచమెక్కుతుంటే చొక్కా పైకి లేచి పట్టీ కనిపించింది. నేను ఇంకా గుమ్మంలోనే ఉన్నా, పారిపోవడానికి లేదు.

"ఏంటది?"

యింతావ్ చెప్పింది. దాచలేదు.

ఫాన్ ముసలమ్మ నేల మీద కూలబడింది. "నడుం మీద కత్తి పెట్టించుకున్నావా. మూత్రపిండాలుండే చోటు. పిల్లల్ని కనే బలమంతా అక్కడే కదే. అంటే కావాలనే కోయించుకొచ్చావ్." నా వంక చూసింది. "ఒసే నూడుల్స్‌దానా, నువ్వు బండి తోలావా."

"అత్తయ్యా, కత్తి కాదు, సూది…"

"సూదైతే సూదంటారు. కత్తి అని ఎందుకంటారు."

షుయ్‌షెంగ్ అప్పుడే చెరువు నించి వచ్చాడు, బురద బట్టలతో. "నాకన్నా చెప్పొచ్చుగా" అన్నాడు.

"నీకు చెప్తే అత్తయ్యకి చెప్పినట్టే," అంది యింతావ్. అతను బూట్లు విప్పుకుంటా కూచున్నాడు.

ముసలమ్మ ఏడవట్లేదు, అదే భయమేసింది. కోళ్లవంక చూస్తా కూచుంది. అప్పుడు యింతావ్ పక్కకి దొర్లి, మోకాళ్ల మీదకి లేచి, కిటికీ చువ్వ పట్టుకుని చెప్పేసింది.

"అత్తయ్యా, నా నడుము ఆ నెలది కాదు. వరదలది కాదు. చెరువు తీసుకున్నాక, దుంపలు కడగబట్టి వచ్చింది. నువ్వడిగినప్పుడు నేనే అబద్ధం ఆఁ అన్నా. నీ తప్పేం లేదు. ఆ నెల నించి నాకే జబ్బూ లేదు."

ఇప్పుడు గిన్నెలు ఎగురుతయ్ అనుకున్నా.

ముసలమ్మ లేచింది. మంచం దగ్గరికి వచ్చి కోడలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"చూడు దీన్ని," అంది నాతో, కొడుకుతో, అందరితో. "నా మనసు కుదుటపడాలని ఎంత అబద్ధమాడుతుందో చూడండి. ఇట్లాంటి పిల్లని నేను పంది కోసం నీళ్లల్లో వదిలేసి పోయా."

"అత్తయ్యా, అబద్ధం అప్పుడాడాను. ఇది నిజం."

"ఊరుకో తల్లీ, ఊరుకో."

"నిజం చెప్తున్నా."

"నాకు తెలుసు నీ సంగతి. నోరు నొప్పెట్టుకోమాక."

ఎంత చెప్పినా అంతే. చెప్పిన కొద్దీ ముసలమ్మకి జాలి ఎక్కువైంది. యింతావ్ నా వంక చూసింది. నీళ్లల్లో వల పడ్డాక చేప చూసే చూపు.

తర్వాత ముసలమ్మే అంది, నెమ్మదిగా. "బిడ్డ కోసం కాదే నేను పోరింది. నాకు మనవరాలు చాలు. నెల కోసం. నీకొక నెల బాకీ ఉండిపోయా. బిడ్డ లేకుండా నెల చేస్తే లోకం నవ్వుద్దని బిడ్డనడిగా. ఇప్పుడు కత్తి కూడా పడింది కాబట్టి, నవ్వితే నవ్వనీ. డాక్టరేమన్నాడు?"

నేను గబుక్కున చెప్పా, గండం గడిస్తే చాలని. "తడపొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు, వంగొద్దన్నాడు."

"బాలింతకి చెప్పేవే కదా ఇవన్నీ," అంది ముసలమ్మ, మొహం వెలిగింది. పొట్టకి చుట్టే గుడ్డ తియ్యడానికి లోపలికి పోయింది. దారిలో ఒక కోడిని కాళ్లు పట్టుకుని ఎత్తింది.

నడవాలన్నాడు అని నేను చెప్పేసరికి ఆ మాట కోడి అరుపులో కలిసిపోయింది.

అట్లా యింతావ్ బిడ్డ లేని బాలింత అయింది, నడి వేసవిలో. కిటికీలు మూత. తలకి గుడ్డ. పైన దుప్పటి. కోడి చారు, బెల్లం నీళ్లల్లో గుడ్లు, మళ్లీ కోడి చారు. వీధిలో వాళ్లు గుడ్ల బుట్టలు పట్టుకుని చూడ్డానికి వచ్చి, ఉయ్యాల కోసం వెతికి, దిక్కులు చూసేవాళ్లు. నేనెళ్తే దుప్పటి కింద నించి, "అక్కా, తలుపు దగ్గర నిలబడు" అనేది. నేను కాపలా ఉంటే డాక్టరు చెప్పిన కసరత్తు దుప్పటి కిందే చేసేది, మోకాళ్లు మడిచి నడుము లేపడం. ముసలమ్మ అడుగుల చప్పుడు వింటే దుప్పటి గుట్ట టక్కున దిగేది. నవ్వొచ్చేది నాకు. దానికి చెమటలు.

"బిడ్డ తప్పిందనుకుంటే నేనే బిడ్డనయ్యా అక్కా" అంది ఒకసారి. "నడుము వదిలింది, అత్తయ్య పట్టుకుంది."

రెండోసారి డాక్టరు దగ్గరికి గాలి సోకకుండా ముసలమ్మే చుట్టబెట్టి, బండెక్కి, పక్కనే కూచుని వచ్చింది. ఆ ఎండలో తలగుడ్డతో, దుప్పటితో దిగిన యింతావ్‌ని చూసి పెంగ్ డాక్టరు బిత్తరపోయాడు.

"కాన్పైందా? బిడ్డేదీ?"

"బిడ్డ పన్నెండో క్లాసు చదువుతుంది," అంది ముసలమ్మ. "ఆ కత్తేదో చూపించు."

చూపించాడు. కళ్లకి దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇదా. తామర తూడు ముళ్లు ఇంతకంటే పెద్దవి తీసుకున్నా నా కాళ్లలోంచి." ఆ తర్వాత సూది దిగినంతసేపూ కోడలి తల దగ్గర కూచుని చెయ్యి పట్టుకుంది, తల తిప్పకుండా.

మొత్తం నొప్పి పోయిందని చెప్పను. చినుకు పడితే ఇప్పటికీ పట్టుద్ది. కానీ ఆ నెలాఖరుకి యింతావ్ కిటికీ చువ్వ పట్టుకోకుండా మంచం దిగింది. వీధి వీధంతా చూసి ఒకటే అంది, బాలింత నెల జబ్బు బాలింత నెలలోనే పోయిందని. పెంగ్ డాక్టరు పేరు ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తబోతే, "నువ్వు బండి తోలావు, అంతవరకే" అంది ముసలమ్మ.

యింతావ్ అట్లా మంచం దిగే ముందు రోజు నేను దాని మంచం మీదే కూచున్నా. కిటికీ సందులోంచి వాకిలి కనబడతంది. కోళ్లు అయిపోయినయ్, వాకిలి ఖాళీ. యింతావ్ కోసం షుయ్‌షెంగ్ పెద్ద తొట్టిని ఇటుకల మీద పెట్టాడు. ఫాన్ ముసలమ్మకి అది అందదు. పాత తొట్టి నేల మీద వేసుకుని దాని మీదకి వంగి, లేతదుంపలు కడుగుతంది, చన్నీళ్లతో. ఒక దుంప అయ్యాక లేవబోయింది. సగం దాకా లేచి అక్కడే ఆగింది. ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి తొట్టి అంచు మీద. నేను మా వాకిట్లోంచి ఎప్పుడో చూసిన వంగుడే.

"అక్కా," అంది యింతావ్ మెల్లగా, "డెబ్బై దాటిన వాళ్లకి కూడా చేస్తాడేమో పెంగ్ డాక్టర్ని అడుగుతావా?"

నేను కిటికీ కొంచెం తెరిచి కేకేశా. "అత్తయ్యా, నీ నడుము కూడా ఒకసారి చూపించుకోరాదూ?"

ముసలమ్మ అట్లాగే వంగి, మొహం మాత్రం ఇటు తిప్పింది. "నాకెందుకొస్తది నడుం నొప్పి. నేను నా కాన్పులన్నిటికీ నెల నిండా కూచున్నా. మా అత్త మంచిది. గాలొస్తంది, ఆ కిటికీ మూయ్."

మూశా.